నా పూచీ మీద వచ్చినవాళ్ళు

వాల్తేరులో ఆనర్సు పూర్తిచేసి నూజివీడు తిరిగివచ్చాక నేను ఉద్యోగం వెతుక్కోలేదు. అదే మా ఇంటికి వచ్చింది. మాఘమాసంలో, తోటలన్నీ పూత మీద ఉన్న రోజుల్లో, ఒక సాయంత్రం నాన్న స్నేహితుడొకాయన మా వరండాలో కూర్చుని నన్ను లోపలి నుంచి పిలిపించారు. ఆయన్ని నేను చిన్నప్పటి నుంచీ బాబాయిగారూ అనేదాన్ని. ఆగిరిపల్లి దారిలో ఆయనకి పెద్ద మామిడితోటలున్నాయి. ఏటా రసాలు ఎగుమతికి అందక, పండిపోయి, చెట్ల కింద కుళ్ళిపోతుంటే చూడలేక, రసం తీసి డబ్బాల్లో పట్టే ఫ్యాక్టరీ ఒకటి తోట పక్కనే కట్టించారు. మద్రాసు నుంచి బాయిలరు వచ్చింది, మెషీన్లు వచ్చాయి, వాటితోపాటు ఒక మెకానిక్కూ వచ్చాడు. రానిది ఆడకూలీలు.

"మేస్త్రీని ఊళ్ళమ్మట తిప్పానండీ మాస్టారూ. ఒక్క ఆడమనిషి కదల్లేదు. ఊడ్పులకైతే వస్తారంట, కాయ ఏరడానికైతే వస్తారంట, షెడ్డులోకి మాత్రం రారంట. మన అమ్మాయి చదువుకుంది కదా. తను వెళ్ళి అడిగితే కాదనరు. మనుషుల్ని ఎంచుకోవడం, పని నేర్పడం, బాగోగులు చూసుకోవడం, అంతా తన చేతిలో పెడతాను. టేబులూ కుర్చీ వేయిస్తాను," అన్నారాయన.

నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఊళ్ళో ఎవరు ఏమడిగినా కాదనలేని మనిషి. నావైపు తిరిగి "ఏమ్మా?" అన్నారు గాని, అప్పటికే ఆయన తల ఊపేశారు.

నా ఆలోచన వేరు. హాస్టల్లో నా గదిలో ఉన్న స్నేహితురాలు లేబర్ వెల్ఫేర్ కోర్సులో చేరింది. మిల్లుల్లో పనివాళ్ళని ఎలా తీసుకోవాలి, ఎలా తర్ఫీదు ఇవ్వాలి అనేదే ఆ చదువు. మరుసటి జూన్‌లో నేనూ చేరాలనుకున్నాను. ఆ మాట చెబితే నాన్న సంతోషపడ్డారు.

"ఇంకా మంచిది. ముందు చేతులతో చేసి వెళ్ళు. ఒక్క సీజనే కదా," అన్నారు.

మామిడి సీజనంటే ఎండాకాలం దాటదు. సరేనన్నాను.

ఉగాది ముందు నుంచీ ఫ్యాక్టరీ ఎడ్లబండి మీద పల్లెలకి తిరగడం మొదలుపెట్టాను. సైకాలజీ పేపర్లో చదివినదంతా గుర్తు చేసుకుని, ఎవరిని ఏమేం అడగాలో మనసులో వరసగా పెట్టుకున్నాను. నీకు ఇంతకుముందు ఏ పని వచ్చు, నలుగురితో కలిసి చెయ్యగలవా, చెప్పింది గుర్తుంటుందా, ఇలాంటివి. మొదటి ఊళ్ళోనే అవన్నీ నోట్లో ఉండిపోయాయి. మినుములు చెరుగుతున్న ఆడవాళ్ళు చేటలు పక్కన పెట్టి నా చుట్టూ చేరి, ప్రశ్నలన్నీ వాళ్ళే అడిగారు.

"గేటుకి తాళం వేస్తారంటగా?"

"వేస్తారు. కాయలు పోతాయని."

"లోపల మగాళ్ళుంటారా?"

"మెకానిక్ ఉంటాడు. బాయిలరు దగ్గర ఇద్దరుంటారు."

"పొలంలో అయితే నలుగురూ చూస్తారమ్మాయిగారూ. గోడ కట్టి గేటేసినచోట ఏం జరిగిందో ఎవరికి తెలుస్తుంది? రేపు మా ఆయన ఏదన్నా అంటే మేమేం చెప్పుకోవాలి?"

"నేనూ లోపలే ఉంటాను. పొద్దున మీతోనే గేటు దాటుతాను. సాయంత్రం మీలో చివరి మనిషి బయటికి వెళ్ళాకే నేను వెళ్తాను," అన్నాను.

వాళ్ళలో ఒకామె నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "అయితే మీ పూచీయేనా?" అంది.

"నా పూచీయే."

ఆ మాట నాకంటే ముందే పక్క ఊళ్ళకి వెళ్ళింది. తరవాత నేనెక్కడికి వెళ్ళినా ఎవరూ ఫ్యాక్టరీ గురించి అడగలేదు. "మాస్టారిగారి అమ్మాయి ఉంటుందంట కదా," అని మాత్రం అడిగారు. షెడ్డుకి సరిపడా మనుషులు దొరికారు. నేను గెలిచాననుకున్నాను.

పని నేర్పడం మొదటి రోజే ఆగిపోయింది. చేతులు సబ్బుతో కడగడం, గోళ్ళు తీసుకోవడం, జుట్టుకి గుడ్డ కట్టుకోవడం, అన్నిటికీ నవ్వుతూ ఒప్పుకున్నారు. అప్పుడు మెకానిక్ వచ్చి, గాజులు తియ్యాలన్నాడు. ఒక్క గాజుముక్క రసంలో పడినా డబ్బాలన్నీ పారబోయాలన్నాడు. అతను చెప్పింది సరైనదే. కానీ తాళిబొట్టు మెడలో ఉన్న ఆడదాన్ని మట్టిగాజులు తియ్యమనడం ఎంత మాటో అతనికి పట్టలేదు. అందరూ నా మొహం చూశారు.

మధ్యాహ్నానికి ఆ కబురు పల్లెకి చేరింది. పనిలో చేరినవాళ్ళలో ఒక బాలింత ఉంది. ఆమె అత్త రోజూ మధ్యాహ్నం పసిదాన్ని ఎత్తుకుని పాలకి తీసుకొస్తానని మాట్లాడుకుంది. ఆ అత్త పిల్లని చంకనేసుకుని గేటు దగ్గరికి వచ్చి, ఊచల్లోంచి నా మీద విరుచుకుపడింది.

"నా కొడుకు రాయిలా ఉన్నాడు! నా కోడలి చేతులు బోసి చేస్తావా నువ్వు? ఇదేనా నీ పూచీ? చదువుకున్నదానివి, నీకు తెలీదా?"

ఆ రోజు పని ఆపించి ఇంటికి వెళ్ళి, పాత దుప్పటి చించి, మోచేతి దాకా వచ్చే తొడుగులు కొన్ని అమ్మ మిషను మీద కుట్టాను. మణికట్టు దగ్గర, మోచేతి దగ్గర నాడాతో బిగించి కట్టేలా పెట్టాను. గాజులు లోపలే ఉంటాయి. పగిలినా ముక్క బయటికి రాదు. మర్నాడు పొద్దున ఆ అత్తనే లోపలికి పిలిచి, ఆమె చేతికే ముందు తొడిగాను. ఆమె చెయ్యి విదిలించి చూసింది, గోడకేసి కొట్టి చూసింది.

"ఇట్టా అయితే పర్లేదు," అంది. తరవాత గొంతు తగ్గించి, "నిన్న నోరు జారాను, ఏమనుకోకండి," అంది.

ఆమెని అందరూ పెద్దమ్మ అని పిలిచేవాళ్ళు. నేనూ అలాగే పిలవడం మొదలుపెట్టాను.

ఆ సీజను నడిచింది. ముచ్చిక కొయ్యడం, సొన కారనివ్వడం, తొక్క తీసి టెంకె వేరుచెయ్యడం, ఒక్కొక్కరి పక్కనా నిలబడి నేర్పాను. వాళ్ళు త్వరగానే నేర్చుకున్నారు. జూన్ నెలాఖరున కాయ అయిపోయేసరికి వాల్తేరులో సీట్లన్నీ నిండిపోయాయి. వచ్చే ఏడు చూద్దాంలే అన్నారు నాన్న. కాయ లేని నెలల్లో నిమ్మకాయ, టమాటా కొద్దికొద్దిగా వచ్చేవి. బాబాయిగారు నా టేబులూ కుర్చీ తియ్యలేదు. నన్ను రావద్దనీ అనలేదు.

రెండో సీజనుకి వాళ్ళు నన్ను పిలిచే తీరు మారింది. "అమ్మాయిగారు" అన్న పిలుపు కాస్తా "మా అమ్మాయిగారు" అయింది. ఇంట్లో గొడవలు నాకు చెప్పేవాళ్ళు. పులిహోర చేసుకుంటే నాకొక ముద్ద ఆకులో తెచ్చేవాళ్ళు. నేను ఏదైనా చెబితే రెండోసారి చెప్పాల్సిన పని ఉండేది కాదు. బయటి నుంచి చూసేవాళ్ళకి అది ఎంతో బావుండేది. నాకు మాత్రం ఊపిరాడేది కాదు. తెల్లవారుతుండగా బండెక్కితే మళ్ళీ దీపాలవేళకి ఇల్లు. ఎంత తలంటుకున్నా జుట్టు పండిన రసాల వాసనే. నా మీద వాళ్ళకి ఎంత అభిమానం పెరిగితే, నా చుట్టూ గోడ అంత ఎత్తు లేచినట్టుండేది.

ఆ మే నెలలో నాకు జ్వరం వచ్చింది. మంచం మీంచి లేవలేకపోయాను. పొద్దెక్కాక బాబాయిగారి కారు మా గుమ్మం ముందు ఆగింది.

"వాళ్ళు గేటు బయటే కూర్చున్నారమ్మా. నువ్వు లేందే లోపలికి అడుగు పెట్టరంట. కాయ ఎండలో ఉంది. ఊరికే వచ్చి కూర్చో, చాలు. ఏ పనీ చెయ్యొద్దు."

అమ్మకి కోపం వచ్చింది గాని, నాన్న నన్ను చెయ్యి పట్టుకుని కారెక్కించారు. ఆ మండుటెండలో దుప్పటి కప్పుకుని షెడ్డులో గోడవారగా కుర్చీలో కూర్చున్నాను. నన్ను చూసి ఆడవాళ్ళు లోపలికి వచ్చారు. ఒకరు నుదురు పట్టి చూశారు, ఇంకొకరు మిరియాల కషాయం కాచి ఇచ్చారు. పనులు మొదలయ్యాయి. వెనక తాళం పడిన చప్పుడు వినిపించింది. కళ్ళు మూసుకుంటే, ఈ కుర్చీలోనే నా తల నెరుస్తుందనిపించింది.

జ్వరం తగ్గాక వాల్తేరు స్నేహితురాలు నన్ను చూడ్డానికి వచ్చింది. ఆమె కోర్సు పూర్తికావచ్చింది. మిల్లులు చూసి వచ్చిన సంగతులు చెబుతూ, "నువ్వు ఇక్కడ చేస్తున్న పనినే మేము పుస్తకాల్లో చదువుతున్నామే. ఈసారి దరఖాస్తు పెట్టు, తప్పకుండా తీసుకుంటారు. ఇంటర్వ్యూ జూన్ మొదట్లో," అంది.

జూన్ మొదట్లో అంటే కాయ ఇంకా గుట్టలుగా వస్తున్న వేళ. నేను బాబాయిగారి దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు తేలికయ్యేది.

"శుభ్రంగా వెళ్ళమ్మా. నేనెందుకు ఆపుతాను? కాకపోతే వాళ్ళకి మాటిచ్చింది నేను కాదు, నువ్వు. ఆ ఒక్క మాట వాళ్ళకి చెప్పి వెళ్ళు."

మధ్యాహ్నం అన్నాల దగ్గర చెప్పాను. ముద్ద నోట్లో పెట్టుకోబోతున్నవాళ్ళు ఆగిపోయారు. పెద్దమ్మ కోడలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "మీరు లేకపోతే మా అత్త పంపదు, మా ఆయన అసలే పంపడు. ఈ రెండు చేతులా తెచ్చుకుంటున్నది ఇక ఉండదు," అంది. ఎవరూ నన్ను ఉండమని అడగలేదు. చద్దన్నం గిన్నెలు మూతలు పెట్టేసుకుని లేచి వెళ్ళి పనిలో కూర్చున్నారు.

నేను ఇంటర్వ్యూకి వెళ్ళలేదు. వెళ్ళలేకపోయానని వాళ్ళకి చెప్పినప్పుడు వాళ్ళ మొహాల్లో వెలుగు చూసి నాకు ఏడుపొచ్చింది. అది సంతోషం వల్ల కాదు.

మూడో సీజను మధ్యలో ప్రమాదం జరిగింది. మధ్యాహ్నం అన్నాలకి ఇంకా వేళ కాలేదు. డబ్బాలు ఉడికించేచోట ఆవిరిగొట్టం అతుకు ఊడి పెద్ద చప్పుడైంది. ఒక్కసారిగా షెడ్డంతా తెల్లగా అయిపోయింది. ఎవరు ఎక్కడున్నారో కనపడలేదు. కత్తిపీటలు వదిలేసి, బుట్టలు తన్నుకుంటూ అందరూ గేటుకేసి పరిగెత్తారు. గేటుకి తాళం ఉంది. వాచ్‌మన్ తాళంచెవి జేబులో వేసుకుని బీడీల కోసం సెంటరుకి వెళ్ళాడు.

నన్ను గేటు ఊచలకి అదిమేశారు. "తొక్కుకోకండి, నెమ్మదిగా, నెమ్మదిగా," అని అరిచాను. ఎవరికీ వినపడలేదు. నా మాట మీద లోపలికి వచ్చినవాళ్ళు బయటపడ్డానికి నా దగ్గర ఏమీ లేదు.

గేటు అవతల పెద్దమ్మ ఉంది. రోజూలాగే అన్నాలవేళకి ముందుగా వచ్చి, చెట్టునీడన కూర్చుని మనవరాలిని ఆడిస్తోంది. లేచి పరుగెత్తుకొచ్చింది. పిల్లని ఒక బండివాడి చేతుల్లో పెట్టింది. కాయ దింపడానికి వరసగా ఆగి ఉన్న బండ్లవాళ్ళ మీద కేకలు వేసింది.

"చూస్తారేంట్రా నిలబడి! గునపాలు తెండి! తాళం జోలికి పోకండి, గేటునే ఎత్తెయ్యండి!"

పదిమంది కలిసి గేటుని బందుల మీంచి ఎత్తి పక్కకి పడేశారు. మేం ఒకరిమీద ఒకరం బయటపడ్డాం. ప్రాణాలు ఎవరివీ పోలేదు. పనిలో ఉన్న ఇద్దరు పడుచుపిల్లలకి చేతులు కాలాయి. పెద్దమ్మ కోడలికి పాదం మీద చర్మం ఊడింది. బాబాయిగారే వాళ్ళని కారులో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు.

మర్నాడు ఒక్కరూ రాలేదు. ఆ తరవాత రోజూ రాలేదు. గేటు మళ్ళీ నిలబెట్టారు. కాయలు లోపల మాగిపోతున్నాయి, వాసన రోడ్డు దాకా వస్తోంది. సాయంత్రం బాబాయిగారు మా ఇంటికి వచ్చి, మొదటిసారి కూర్చున్న చోటే కూర్చున్నారు.

"గొట్టం బాగుచేయించాను. కాలినవాళ్ళ ఖర్చంతా నాదే. నువ్వు ఒక్కసారి ఊళ్ళోకి వెళ్ళి మాట చెప్పిరా అమ్మా. నీ మాటంటే వాళ్ళకి గురి."

"వెళ్ళిరామ్మా," అన్నారు నాన్న, అలవాటుగా.

నా నోట ఆ మాట ఎలా వచ్చిందో తెలీదు. "వెళ్ళను నాన్నా," అన్నాను. ఇద్దరూ నన్నే చూస్తున్నారు. ఆపలేకపోయాను. "నా పూచీ అని చెప్పి మూడేళ్ళు వాళ్ళని లోపలికి తీసుకెళ్ళాను బాబాయిగారూ. తాళంచెవి ఒక్కరోజు కూడా నా దగ్గర లేదు. ఇంక నేను ఎవరికీ మాటివ్వను. ఆ తాళంచెవి పెద్దమ్మకి ఇవ్వండి. రోజూ గేటు దగ్గరుండేది ఆమే. ఆవిడ దగ్గర చెవి ఉందని తెలిస్తే వాళ్ళే వస్తారు, నేను పిలవక్కర్లేదు."

"కూలివాళ్ళ చేతికి ఫ్యాక్టరీ తాళమా?"

"గేటు తాళం బాబాయిగారూ. ఫ్యాక్టరీది కాదు."

ఆయన నాన్నవైపు చూశారు. నాన్న కళ్ళజోడు తీసి ఉత్తరీయంతో తుడుచుకున్నారు. "అమ్మాయి చెప్పేది సబబుగానే ఉందండీ," అన్నారు చివరికి. ఆయన ఒకరి మాటకి అలా ఎదురు చెప్పడం నేను అంతకుముందు వినలేదు.

బాబాయిగారు మజ్జిగ ముట్టుకోకుండా వెళ్ళిపోయారు. ఒప్పుకున్నారని నేననుకోలేదు. కాయ ఇంకొక రోజు కుళ్ళాక ఒప్పుకున్నారు. పెద్దమ్మని పిలిపించి, వాచ్‌మన్ ముందే తాళంచెవి ఇచ్చి, ఆవిడకి జీతం కూడా కట్టారు. ఆమె దాన్ని కళ్ళకద్దుకోలేదు, దండం పెట్టలేదు. రొండిన దోపుకుని, "రేపు పొద్దున వస్తార్లెండి," అంది. వచ్చారు.

ఆ రోజు నుంచి నేను ఒక్క మనిషికే పని నేర్పాను, నా తరవాత నా చోట నిలబడాల్సిన పెద్దమ్మకి. ఆమెకి పని రాక కాదు, మూడేళ్ళుగా వచ్చిపోతూ చూసి ఎప్పుడో పట్టేసింది. నేర్పడం రాక. కొత్తపిల్ల తొక్క సరిగ్గా తియ్యకపోతే కత్తి లాక్కుని తానే తీసిచ్చేది, లేకపోతే అందరి ముందూ కడిగేసేది. ఆ పిల్ల మర్నాడు మానేసేది.

"మీ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడండి పెద్దమ్మా. నోటితోనే చెప్పండి. తను చేసేదాకా ఆగండి," అనేదాన్ని.

"అప్పటికి పొద్దుగూకుద్ది!"

"గూకనివ్వండి."

ఆమె నిజంగానే కొంగు వెనక్కి తిప్పి, అందులో రెండు చేతులూ చుట్టుకుని నిలబడేది. పెదవులు కదిలేవి, తిట్లు లోపలే మింగేది. తిట్టాల్సి వస్తే పక్కకి తీసుకెళ్ళి తిట్టమన్నాను. అది నేర్చుకోవడానికి ఆమెకి ఆ సీజనంతా పట్టింది.

మరుసటి ఏడు ఉగాదికి ముందు, కొత్తవాళ్ళకోసం ఇద్దరం కలిసి విస్సన్నపేట వైపు వెళ్ళాం. నేను బండి దగ్గరే ఆగి ఆమెని ముందుకు పంపాను. ఆడవాళ్ళు చుట్టూ చేరాక ఆమె గొంతెత్తింది.

"ఇనండి. సొనకి చేతులు పొక్కుతాయి. ఆవిరికి జాకెట్టు ఒంటికి అంటుకుపోద్ది. ఒక మెకానిక్ ఉన్నాడు, అరవంలో తిడతాడు, మనకి తెలీదు కాబట్టి పర్లేదు. నిరుడు గొట్టం పగిలి నా కోడలికి కాలు కాలింది, ఇప్పుడు మళ్ళీ పనికొస్తంది. గేటు తాళంచెవి నా దగ్గరుంటది. మనసైతే రండి, లేకపోతే మానండి."

ఇలా చెబితే ఎవరొస్తారనుకున్నాను. కాసేపు గుసగుసలయ్యాయి. తరవాత ఒకామె ముందుకొచ్చి, "ఎప్పుడు రమ్మంటారు?" అంది. నా గురించి ఆ ఊళ్ళో ఎవరూ అడగలేదు. బండి పక్కన గొడుగు వేసుకుని నిలబడ్డ నన్ను ఆమె కూతురనుకున్నారో ఏమో, ఒక ముసలమ్మ తాగడానికి మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

ఆ జూన్‌లో, కాయ మంచి జోరుమీద ఉండగానే ఇంటర్వ్యూకి వెళ్ళాను. నాన్న బెజవాడ దాకా వచ్చి రైలెక్కించారు. సీటు వచ్చింది. చివరి రోజున చెప్పడానికి షెడ్డుకి వెళితే, అప్పుడే లారీ కాయ దిగుతోంది. ఎవరికీ తలెత్తే తీరిక లేదు. పెద్దమ్మ కోడలు మాత్రం తడిచేతులతోనే వచ్చి, "పెళ్ళికి పిలవండి అమ్మాయిగారూ," అని నవ్వి వెళ్ళిపోయింది. నేను ఉండిపోతానేమోనని ఎవరి మొహంలోనూ ఆశ లేదు, వెళ్ళిపోతున్నానని దిగులూ లేదు. ఇన్నాళ్ళూ నేను కోరుకున్నది అదే. అయినా బండెక్కాక మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే ఉన్నాను.

తరవాత ముప్ఫై ఏళ్ళు ఆ పనే చేశాను. మిల్లుల్లో మనుషుల్ని తీసుకున్నాను, వాళ్ళకి నేర్పేవాళ్ళని తయారుచేశాను. వాల్తేరులో మొదటి నెలలు మాత్రం వింతగా గడిచాయి. క్లాసులో అందరికంటే పెద్దదాన్ని నేనే. హాస్టల్లో చీకటితోనే మెలకువ వచ్చేసేది. ఎక్కడికో ఆలస్యమైపోతున్నట్టు గబగబా లేచి, చీర కుచ్చిళ్ళు సగం పెట్టుకున్నాక గుర్తొచ్చేది, నాకోసం ఎవరూ ఎక్కడా కూర్చుని లేరని. కిటికీలోంచి సముద్రపు గాలి వచ్చేది. మళ్ళీ పడుకుని, ఎండ మొహం మీద పడేదాకా నిద్రపోయేదాన్ని.